మహమ్మారి టైంలో చుట్టూ ఉన్నవాళ్లు జాగ్రత్తలు పాటించాలంటే ఏం చేయాలి?

గోడకి బోర్డు పెట్టేసి, గ్రూపులో నాలుగు మెసేజ్‌లు పెట్టేసి, ఇంత చెప్పినా ఎవరూ వినట్లేదని తల పట్టుకునే కమిటీ వాళ్లు, ఆఫీసు వాళ్లు, స్కూలు వాళ్లు ప్రతి మహమ్మారిలోనూ ఉంటారు. జనానికి విషయం తెలీక కాదండీ. పక్కనున్నవాడు మాస్కు పెట్టుకున్నాడా, మనకి చెప్పే పెద్దాయన పెట్టుకున్నాడా అని చూస్తారు, చూసిందే చేస్తారు. అందుకే మన పని కూడా అక్కణ్ణుంచే మొదలవ్వాలి.

స్టెప్ 1: ఒక్కటే అడగండి

మాస్కు, దూరం, చేతులు కడగడం, టీకా అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ అలవాటు కాదు. బయటికి కనపడే పని ఒకటి పట్టుకోండి, మాస్కు అయితే ఎవరు పెట్టుకున్నారో దూరం నుంచే తెలుస్తుంది.

స్టెప్ 2: ముందు లీడర్లు చేయాలి, అదీ నలుగురూ చూసేట్టు

1956లో అమెరికాలో టీనేజర్లు పోలియో టీకాకి పెద్దగా రావట్లేదని వాళ్లకి ఇష్టమైన పాప్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీకి న్యూయార్క్‌లో కెమెరాల ముందు టీకా వేశారు. ఆ ఫొటో అందరికీ గుర్తుండిపోయింది గానీ నాకు అంతకంటే గొప్పగా అనిపించేది ఇంకోటి, టీనేజర్లే చేతులు కలిపి ప్రచారం చేశారు, టీకా వేయించుకున్నవాళ్లకే ఎంట్రీ అని డాన్స్ పార్టీలు పెట్టారు. కాబట్టి పెద్ద పేరున్న మనిషి ఒకరు, తోటివాళ్లు పదిమంది, ఇద్దరూ కావాలి.

స్టెప్ 3: మనిషికి మనిషి ఎదురుగా చెప్పాలి

ఇది మాత్రం వదలొద్దు. 2020 చివర్లో బంగ్లాదేశ్‌లో దాదాపు 600 ఊళ్లలో ఒక పెద్ద పరిశోధన జరిగింది. సగం ఊళ్లలో ఇంటింటికీ మాస్కులు ఫ్రీగా ఇచ్చారు, అప్పటి ప్రధాని షేక్ హసీనా, క్రికెటర్ షకీబ్ అల్ హసన్ లాంటి వాళ్లు మాట్లాడిన వీడియో చూపించారు, మసీదుల్లో ఇమామ్‌లతో చెప్పించారు, ఇవన్నీ చేస్తూనే బజార్లో మాస్కు లేకుండా కనపడ్డవాళ్లని ఆపి, పెట్టుకోమని మర్యాదగా అడిగి, లేకపోతే చేతికిచ్చే మనుషుల్ని పెట్టారు. మాస్కు సరిగ్గా పెట్టుకునేవాళ్లు మిగతా ఊళ్లలో 13 శాతం ఉంటే ఇక్కడ 42 శాతం దాకా వెళ్లారు. ఫోన్ మెసేజ్‌లు, ఊరికి బహుమతి ఇస్తామనడం లాంటివి కూడా ట్రై చేశారు, వాటివల్ల అదనంగా ఒరిగిందేం లేదు. అందుకని మీరు కూడా గేటు దగ్గర, లిఫ్ట్ దగ్గర, షాపు ముందర నవ్వు మొహంతో అడిగే ఇద్దరు ముగ్గుర్ని పెట్టుకోండి, చేతిలో ఎక్స్‌ట్రా మాస్కులు ఉంచండి. తిట్టేవాళ్లని మాత్రం పెట్టొద్దు, నలుగురిలో పరువు పోయినవాడు పంతానికైనా మాస్కు తీసేస్తాడు.

స్టెప్ 4: "ఎవరూ పాటించట్లేదు" అనే మాట మానేయండి

ఆ మాట విన్నవాడికి అర్థమయ్యేది ఒకటే, అందరూ ఇంతే కదా నేనొక్కణ్ణే ఎందుకు అని. ఎక్కువమంది పాటిస్తుంటే ఆ సంగతి గట్టిగా చెప్పండి. తక్కువమందే అయితే పోయిన వారం కంటే పెరిగారని చెప్పండి, అది నిజమైతేనే.

స్టెప్ 5: లీడరే తప్పు చేస్తే వెంటనే తేల్చేయండి

2020 ఏప్రిల్‌లో స్కాట్లాండ్ చీఫ్ మెడికల్ ఆఫీసర్ కేథరిన్ కాల్డర్‌వుడ్, ఇంట్లోనే ఉండండి అని టీవీలో చెప్పిన మనిషే, తన రెండో ఇంటికి వెళ్లారని బయటపడింది, క్షమాపణ చెప్పి రాజీనామా చేసేశారు. తర్వాతి నెలలో బ్రిటన్ ప్రధాని సలహాదారు డొమినిక్ కమింగ్స్ లాక్‌డౌన్‌లో లండన్ నుంచి ఉత్తర ఇంగ్లండ్‌లోని డరమ్ దాకా కారేసుకుని వెళ్లిన సంగతి బయటికొస్తే ఆయన పదవిలోనే ఉండిపోయారు, ప్రధాని వెనకేసుకొచ్చారు. ఆ రోజుల్లో ఇంగ్లండ్ ప్రజలకి ప్రభుత్వం మీద నమ్మకం బాగా పడిపోయిందని లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. మీ కమిటీ ప్రెసిడెంట్ అయినా సరే, ఆయనకో రూలు మనకో రూలా అని జనం అనుకున్నాక ఇంక ఏ బోర్డూ పనిచేయదు.

స్టెప్ 6: మనసుకి దగ్గరైన ఆచారాల జోలికి వెళ్తే పెద్దల్ని కలుపుకుని వెళ్లండి

2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా అప్పుడు శవాన్ని కడిగి, తాకి సాగనంపే పద్ధతివల్ల జబ్బు పాకింది. మొదట్లో బ్యాగులో పెట్టి తీసుకుపోతుంటే కుటుంబాలు తిరగబడ్డాయి, శవాల్ని దాచేశాయి. తర్వాత ఇమామ్‌లతో, పాస్టర్లతో కూర్చుని మాట్లాడి పద్ధతి మార్చారు, తాకకుండానే ప్రార్థన చేసుకోవచ్చు, దూరం నుంచి చూడొచ్చు అన్నారు. వద్దు అనే ముందు దాని బదులు ఏం చేయొచ్చో చేతిలో పెట్టుకుని వెళ్లండి.

ఇంకోటి, రూలు మారినప్పుడు దాచొద్దు. 2020 మొదట్లో ఆరోగ్యంగా ఉన్న మామూలు జనానికి మాస్కు అక్కర్లేదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థే జూన్‌లో సలహా మార్చింది, జనం అయోమయంలో పడ్డారు. నిన్న ఇలా అన్నాం, ఇప్పుడు ఈ కారణంతో మారుస్తున్నాం, మళ్లీ ఫలానా తేదీన చూస్తాం అని ముగ్గురు నలుగురు పెద్దలు ఒకే మాటగా చెప్పండి, ఆ తేదీ వచ్చాక నిజంగానే కూర్చుని చూడండి.