చీలమండ, పాదాల కీళ్లనొప్పి: ఏ లక్షణానికి ఏది కారణం, ఏం చేయాలి

ఎక్స్‌రే కవరు పట్టుకుని వచ్చేవారిని ఫిజియోథెరపిస్టుగా నేను ముందుగా అడిగేది ఒక్కటే: నొప్పి ఉన్నచోట ఒక్క వేలు పెట్టి చూపించండి. చాలామంది పాదమంతా అరచేత్తో తడిమి ఊరుకుంటారు. ఒక్కో పాదంలో 26 ఎముకలు, ముప్పైకి పైగా కీళ్లు ఉన్నప్పుడు ‘కాలు నొప్పి’ అన్న మాట ఎందుకూ పనికిరాదు. రెండు పాదాలనూ పక్కపక్కన పెట్టి, చేతి వెనుకభాగంతో తాకి, ఏది వేడిగా ఉందో, ఏది ఉబ్బిందో చూసుకోవడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం మిగుల్చుకోబోయి వేల రూపాయల పరీక్షలు చేయించుకున్నవారిని రోజూ చూస్తున్నాను.

ఉదయం కొద్దిసేపే బిగుతు, నడిచేకొద్దీ నొప్పి

బిగుతు అరగంటలోపే సడలి, ఎక్కువసేపు నిలబడినా నడిచినా నొప్పి పెరుగుతుంటే అది సాధారణంగా కీలు అరుగుదల. చీలమండలో ఇది వయసు ఒక్కదానివల్ల వచ్చేది తక్కువ. ఎప్పుడో విరిగిన ఎముకో, పదేపదే బెణికిన కాలో దీని వెనుక ఉంటుంది కనుక పాత దెబ్బలను గుర్తుచేసుకోండి. అడుగుభాగం గట్టిగా ఉండే బూట్లు, చీలమండ పట్టీ, పిక్కల వ్యాయామం, బరువు తగ్గడం మేలు చేస్తాయి. ఇసుకలో నడిస్తే మంచిదని విశాఖ ఆర్కే బీచ్‌లోకి దిగేవారికి ఒక మాట: అరిగిన చీలమండ ప్రతి అడుగుకూ పక్కకు ఒరుగుతుంది, కాబట్టి బీచ్ రోడ్డు కాలిబాట మీదే నడవండి.

గంటకు పైగా బిగుతు, రెండు పాదాల వేళ్ల మొదళ్లలో వాపు

ఇది రుమటాయిడ్, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే కీళ్ల మీద దాడిచేసే కీళ్లవాతం, కావచ్చు. కాపడాలతో కాలయాపన చేయకుండా కీళ్లవాతాలు చూసే డాక్టరును (రుమటాలజిస్టు) కలవండి. మందులు ముందుగా మొదలైతే కీళ్లు పాడవకుండా కాపాడుకోవచ్చు.

రాత్రికి రాత్రి ఒకే కీలు ఎర్రబడి, దుప్పటి తగిలినా ఓర్వలేకపోవడం

ఇది గౌట్ లక్షణం, అంటే రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్లలో స్ఫటికాలుగా పేరుకునే జబ్బు. నేను బోల్తా పడింది ఇక్కడే. ఆషాఢంలో కొండ దిగువన తొలిమెట్టైన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లూ ఉత్త కాళ్లతో పూర్తిచేసిన ఒక పెద్దాయన రెండో రోజున ఉబ్బిన చీలమండతో వచ్చారు. అంత నడిచాక వాపు రావడంలో వింతేముందనుకున్నాను. ఆ రోజే తీసిన రక్తంలో యూరిక్ యాసిడ్ 5.9 ఉండడంతో గౌట్ కాదని తేల్చి, బెణుకుకు కట్టు కట్టి పంపేశాను. మరుసటి నెలలో బొటనవేలి మొదలు అదే తీరున ఉబ్బింది. ఈసారి నొప్పి తగ్గి మూడు వారాలయ్యాక మళ్లీ పరీక్ష చేయిస్తే 8.6 వచ్చింది.

నొప్పి ఉధృతంగా ఉన్నప్పుడు రక్తంలో యూరిక్ యాసిడ్ మామూలు స్థాయికి పడిపోవచ్చు. అందుకే ఆ రోజు రిపోర్టు బాగుందని గౌట్‌ను కొట్టిపారేయకూడదు. ఉధృతి తగ్గిన రెండు నుంచి నాలుగు వారాలకు పరీక్ష మళ్లీ చేయించాలి. అనుమానం తీరకపోతే కీలులోని నీరు తీసి మైక్రోస్కోపు కింద స్ఫటికాలు వెతుకుతారు. యూరిక్ యాసిడ్ 6.8 దాటితే స్ఫటికాలు కట్టే వీలుంటుంది. ఒంట్లో మిగతా భాగాలకంటే చల్లగా ఉండే పాదాలలో అవి తేలికగా కడతాయి. చెమటకు తగినంత నీరు తాగకపోవడం, కీలు మీద ఒత్తిడి పడడం నొప్పిని ఎగదోస్తాయి. ప్రదక్షిణలో ఈ రెండూ కలిశాయి.

మరొకటి నేను అసలు అడగనేలేదు. ఆయన వాడుతున్న బీపీ మాత్రలో మూత్రం ఎక్కువగా పోయించే మందు ఉంది, అది యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. ‘బీపీ మాత్ర తప్ప ఏమీ వాడడం లేదు’ అని ఆయన అంటే తల ఊపాను, చీటీ చూపించమనలేదు. మీరు వేసుకునే మాత్రలన్నిటినీ డాక్టరు ముందు పెట్టండి, అంతేగాని మీ అంతట మీరు ఏదీ ఆపవద్దు. ఎండు నెత్తళ్లు, కవళ్లు, మేక కార్జం, బీరు తగ్గించడం మంచిదే కాని, తిండి ఒక్కదానితోనే యూరిక్ యాసిడ్ తగినంత దిగడం అరుదు.

నొప్పి ఉన్నప్పుడు కాలు ఎత్తున పెట్టి, గుడ్డలో చుట్టిన ఐస్‌ను పదిహేను నిమిషాలు పెట్టండి. వేడి నూనెతో మర్దన అసలు వద్దు. కిడ్నీ జబ్బు, బీపీ ఉన్నవారు మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు మింగకూడదు. యూరిక్ యాసిడ్‌ను 6 కంటే కిందికి దించే మందును డాక్టరు మొదలుపెడితే, నొప్పి పోయిందని మధ్యలో మానేయవద్దు.

మిగిలినవి

సోరియాసిస్‌తో వచ్చే కీళ్లవాతం, కీలులో క్షయ అరుదు. పైవేవీ కుదరనప్పుడు డాక్టరే వెతుకుతారు. జ్వరంతోపాటు ఒకే కీలు వేడెక్కినా, షుగరు ఉన్నవారి పాదం నొప్పి లేకుండానే వేడిగా ఉబ్బినా మాత్రం ఆ కాలి మీద బరువు మోపకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.