లెగో ట్రాక్టర్‌లో నాగలి జారిపోతుంటే

లెగో టెక్నిక్ ముక్కలతో మోటారు ట్రాక్టర్ కట్టేవాళ్లు ముందుగా ట్రాక్టర్ వెనక నాగలిని లేపే లిఫ్ట్ సంగతి చూసుకోండి. మామూలు గేర్లతో నాగలిని లేపితే, మోటారు ఆపాక ఆ బరువుకి గేర్లు వెనక్కి తిరిగి నాగలి మెల్లగా కిందికి జారిపోతుంది. అక్కడ వార్మ్ గేర్ (స్క్రూ మరలా ఉండే గేర్) పెట్టి, దానికి 24 పళ్ల గేర్ కలపండి. వార్మ్ 24 చుట్లు తిరిగితే ఆ గేర్ ఒక్క చుట్టు తిరుగుతుంది. లిఫ్ట్ నిదానంగా లేస్తుంది, ఆపిన చోటే నిలబడుతుంది. ఆ నిదానం చూస్తే నాకు అచ్చం పొలంలో ట్రాక్టర్‌ని చూసినట్టే ఉంటుంది.

వార్మ్ ఉన్న ఇరుసును రెండు వైపులా బీమ్‌లతో (రంధ్రాలున్న పొడవాటి ముక్కలతో) గట్టిగా బిగించాలి. లేకపోతే బరువు పడగానే అది పక్కకు జరిగి పళ్లు కటకటమంటూ తప్పుతాయి. మోటారుకీ వార్మ్‌కీ మధ్య ఒక క్లచ్ గేర్ (బలం ఎక్కువైతే జారే గేర్) కూడా వేయండి. లిఫ్ట్ పైకంటా వెళ్లాక మోటారు ఇంకా తిరిగినా ఆ క్లచ్ గేరే జారుతుంది, ముక్కలు విరగవు.