ఒక ప్యాచ్, ఒక్క పని

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్. బండి నల్లపొగ వదులుతోందని తెస్తే ముందు ఎయిర్ ఫిల్టర్ ఒక్కటే తీసి, దులిపి, స్టార్ట్ చేసి చూస్తారు. తగ్గకపోతేనే నాజిల్ జోలికెళ్తారు. రెండూ ఒకేసారి విప్పితే బండి దేనివల్ల బాగైందో తెలియదంటారు.

లైనక్స్ కెర్నల్‌కి (ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కోడ్) మొదటి ప్యాచ్, అంటే కోడ్‌లో మార్పుల్ని చూపే ఫైల్, మెయిల్‌లో పంపినప్పుడు నాకది తట్టలేదు. ఒక డ్రైవర్‌లో (హార్డ్‌వేర్‌ని నడిపే కోడ్) ఎర్రర్ వస్తే, తీసుకున్న బఫర్ (మెమరీ ముక్క) వదలకుండా బయటికొచ్చేస్తోంది. అది సరిచేస్తూ, పనిలో పనిగా ఆ ఫైల్లో ఖాళీలూ పేర్లూ కూడా మార్చేశాను. అసలు దిద్దుబాటు మూడు లైన్లు. దాన్ని వెతుక్కోవడానికి మెయింటైనర్ (ఆ కోడ్ బాధ్యత చూసేవారు) ఫైలంతా చదవాల్సి వచ్చింది. విడగొట్టి పంపమన్నారు. న్యాయమైన మాట.

మెయిల్ సబ్జెక్ట్‌లో ముందు సబ్‌సిస్టమ్ (కెర్నల్‌లో ఆ కోడ్ ఉండే విభాగం) పేరు, తర్వాత మార్పు ఏమిటో రాయండి. కింద కారణం చెప్పండి. 'బగ్ ఫిక్స్ చేశాను' అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఏ పరిస్థితిలో ఏం లీకవుతోందో రాయాలి. తప్పు ఏ కమిట్‌తో (కోడ్ చరిత్రలో నమోదైన ఒక మార్పు) వచ్చిందో తెలిస్తే 'ఫిక్సెస్' అని పెట్టి, దాని ఐడీలో మొదటి 12 అక్షరాలు ఇవ్వండి. 'సైన్డ్-ఆఫ్-బై' లైన్ సంతకం లాంటిది: ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని పూచీ పడుతున్నాం. ఆఫీసు పనిలో రాసిన కోడైతే ముందు అక్కడ అడిగి తీరాలి.

కెర్నల్ కోడ్‌లో ఇండెంట్‌కి ట్యాబ్‌లే వాడతారు. బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి ప్యాచ్ పేస్ట్ చేస్తే అవి స్పేస్‌లైపోతాయి, ఇక ఆ ప్యాచ్ అవతల అతకదు. రాత తీరులో తప్పులు పట్టే చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ నడిపి, గిట్ (కోడ్ మార్పుల చరిత్రను ఉంచే టూల్) సెండ్-ఈమెయిల్ కమాండ్‌తో ముందు మీకే పంపుకోండి. వచ్చిన మెయిల్‌ని సేవ్ చేసి గిట్ ఏఎమ్ కమాండ్‌తో కోడ్‌లో ఎక్కించి చూడండి. పది నిమిషాల పని.

పంపాక కనీసం వారం ఆగండి. మెర్జ్ విండో (కొత్త మార్పుల్ని అసలు కెర్నల్‌లో కలిపే సమయం) నడిచే రెండు వారాలైతే ఇంకాస్త ఓపిక పట్టాలి. మెయింటైనర్లకీ ఊపిరాడదు.

రివ్యూలో ప్రతి మాటకీ దాని కిందే జవాబివ్వండి. రెండో వెర్షన్‌లో ఏం మార్చారో ప్యాచ్‌లో వచ్చే మూడు గీతల (---) కింద రాస్తే అది కమిట్ చరిత్రలోకి పోదు. అర్థం కాకపోయినా 'సరే సార్' అనేయడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇక్కడ అది మర్యాద కాదు, అడగండి. మూడో వెర్షన్‌లో ఒక సూచన నాకు సరైందనిపించలేదు. హార్డ్‌వేర్ బోర్డు మీద టెస్ట్ చేసి, ఆ లాగ్ పెట్టి, ఎందుకు వద్దంటున్నానో రాశాను. రెండు రోజులకు 'అప్లైడ్, థ్యాంక్స్' అని వచ్చింది, అంటే ప్యాచ్ చేర్చుకున్నారు.