టైప్ చెకర్ మొండికేస్తే, ప్రాసెస్‌లు ఆగిపోతే: లాంబ్డా నుంచి చానెల్ దాకా సమస్య - పరిష్కారం

సొంతంగా ఒక చిన్న లాంబ్డా క్యాలిక్యులస్ (అన్నీ ఫంక్షన్లతోనే రాసే బుల్లి భాష) ఇంటర్‌ప్రెటర్ రాసుకుని, దానికి టైప్ చెకర్ (నడపకముందే విలువల రకాలు కుదురుతున్నాయో లేదో చూసేది) తగిలించి, ఆ తర్వాత ఒకేసారి నడిచే ప్రాసెస్‌లు, అవి మాట్లాడుకునే చానెల్స్ కూడా కలుపుదాం అని కూర్చున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా. కాగితం మీద రూల్స్ పెట్టుకుని ప్రూఫ్ చేసేవాళ్లకీ పనికొస్తుంది, ఎందుకంటే కోడ్‌లో బగ్ ఎక్కడ వస్తుందో ప్రూఫ్ కూడా సరిగ్గా అక్కడే ఇరుక్కుంటుంది. ఏ సమస్య వచ్చినా ముందు ఒకటే అడగండి: ఈ పేరు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? అది వేరియబుల్ అయినా సరే, చానెల్ అయినా సరే. నేను చూసినంతలో ఎక్కువ తలనొప్పి ఈ లెక్క తప్పడం వల్లే వస్తుంది.

రాత పద్ధతి: "లాంబ్డా క. ..." అంటే క ని తీసుకునే ఫంక్షన్, "ట → డ" అంటే ట టైప్ తీసుకుని డ టైప్ ఇచ్చే ఫంక్షన్ టైప్, "చ!ప" అంటే చ అనే చానెల్ మీద ప ని పంపడం, "చ?క" అంటే చ మీద వచ్చినదాన్ని క లోకి తీసుకోవడం, "(కొత్త ప)" అంటే బయటివాళ్లకి తెలియని కొత్త పేరు పుట్టించడం. ప్రాసెస్‌లో పనుల మధ్య చుక్క అంటే "ఆ తర్వాత".

సమస్య: టెస్టులన్నీ పాస్, కానీ ప్రాసెస్‌లు కలపగానే జవాబులు మారిపోతున్నాయి

ముందు సబ్‌స్టిట్యూషన్ (పేరు ఉన్నచోట విలువ పెట్టడం) చూడండి. (లాంబ్డా క. లాంబ్డా చ. క) చ అని ఇస్తే ఏం రావాలి? ఏమిచ్చినా పట్టించుకోకుండా బయటి చ ని తిరిగిచ్చే ఫంక్షన్ రావాలి. గుడ్డిగా క ఉన్నచోట చ పెట్టేస్తే లాంబ్డా చ. చ వస్తుంది, అంటే ఇచ్చినదాన్నే తిరిగిచ్చే ఫంక్షన్, పూర్తిగా వేరే మనిషి. బయటి చ లోపలి లాంబ్డాకి చిక్కిపోయింది.

మరి ఇన్నాళ్లూ ఎందుకు బయటపడలేదు? కాల్ బై వేల్యూలో (ఆర్గ్యుమెంట్‌ని ముందే లెక్కించి పంపే పద్ధతిలో), బయటి పేర్లేవీ లేని ప్రోగ్రామ్‌లు మాత్రమే నడిపితే సబ్‌స్టిట్యూట్ చేసే ప్రతి విలువా క్లోజ్డ్‌గానే ఉంటుంది, చిక్కుకోడానికి అందులో పేరే ఉండదు, కాబట్టి ఈ బగ్ ఎన్ని టెస్టులు పెట్టినా కనపడదు. నేను దీనికి రెండు రోజులు పోగొట్టుకున్నా, తప్పంతా కొత్తగా రాసిన ప్రాసెస్ కోడ్‌లోనే ఉందనుకుని అక్కడే వెతికా. పై (π) క్యాలిక్యులస్‌లో, అంటే చానెల్స్ మీద మాట్లాడుకునే ప్రాసెస్‌ల భాషలో అయితే చేతులు మారేవే పేర్లు, కాబట్టి మొదటిరోజే తగులుతుంది: ఒకడు మ!ప అని పంపాడు, అవతల మ?క. (కొత్త ప) క!ప అని కాచుకుని ఉన్నాడు, గుడ్డిగా మారిస్తే (కొత్త ప) ప!ప అవుతుంది, వచ్చిన పాత ప కాస్తా లోపలి కొత్త ప లో కలిసిపోయింది. సరైనది (కొత్త ప1) ప!ప1.

పరిష్కారం రెండు రకాలు. బైండర్ (లాంబ్డా చ, కొత్త ప లాంటి పేరు ప్రకటించేది) దాటి లోపలికి వెళ్లేటప్పుడు ఆ పేరు వచ్చే విలువలో ఉంటే బైండర్ పేరు మార్చడం ఒకటి. లేదా పేర్లే వద్దని 1972లో డి బ్రౌన్ చూపించిన ఇండెక్సులు వాడటం, ఇక్కడ "ఎన్ని లాంబ్డాలు దాటితే నా లాంబ్డా" అన్న అంకె ఒక్కటే ఉంటుంది. కానీ ఇండెక్సులు పెట్టినంత మాత్రాన బయటపడ్డామని అనుకోవద్దు. పై ఉదాహరణ (లాంబ్డా. లాంబ్డా. 1) 0 అవుతుంది, బయటి 0 లోపలి లాంబ్డా కిందకి వెళ్లేటప్పుడు 1 గా జరగాలి, ఆ షిఫ్ట్ మర్చిపోతే లాంబ్డా. 0 వస్తుంది, అంటే అదే పాత బగ్ వేషం మార్చుకుని వచ్చినట్టే. అందుకే టెస్టుల్లో బయటి పేర్లున్న టర్మ్స్ కొన్నైనా తప్పకుండా పెట్టండి.

సమస్య: "టైప్ అనంతంగా పెరుగుతోంది" అని ఎర్రర్, లేదా చెకరే హ్యాంగ్

దాదాపు ఎప్పుడూ ఎక్కడో క క అని సెల్ఫ్ అప్లికేషన్ ఉంటుంది. క టైప్ ట అనుకుంటే, అది ఫంక్షన్ కావాలి కాబట్టి ట = ట → డ కావాలి, అది ఎప్పటికీ తెగదు. యూనిఫికేషన్‌లో (రెండు టైపుల్ని సమానం చేసే పనిలో) అకర్స్ చెక్, అంటే ఒక టైప్ తనలోనే తాను వస్తోందా అని చూసేది, ఉంటే ఎర్రర్ వస్తుంది, స్పీడ్ కోసం దాన్ని తీసేసి ఉంటే చెకర్ తిరుగుతూనే ఉంటుంది. తీసేసి ఉంటే వెనక్కి పెట్టేయండి, ఇందులో బేరం లేదు.

రికర్షన్ కావాలనుకుంటే ఫిక్స్ అనే ఆపరేటర్‌ని విడిగా కలపండి, దాని టైప్ (ట → ట) → ట. సింప్లీ టైప్డ్ లాంబ్డాలో టైప్ ఉన్న ప్రతి టర్మ్ ఆగి తీరుతుందని 1967లో టైట్ అనే ఆయన ఇచ్చిన ప్రూఫ్ పద్ధతి ఉందే, ఫిక్స్ కలిపిన క్షణం నుంచి ఆ హామీ పోతుంది, అది తెలిసే కలపండి. ఇంకోటి, కాల్ బై వేల్యూలో ఫిక్స్ ఫ ని ఫ (ఫిక్స్ ఫ) అని రాస్తే ఆర్గ్యుమెంట్ ముందు లెక్కించాలి కాబట్టి ఫ ని అసలు పిలవకుండానే తిరుగుతూ ఉంటుంది. ఫ (లాంబ్డా క. (ఫిక్స్ ఫ) క) అని ఒక లాంబ్డా అడ్డం పెట్టండి, అప్పుడు ట ఫంక్షన్ టైపే అయి ఉండాలి. ఇది టైప్ తప్పు కాదు, సెమాంటిక్స్ సంగతి, కాబట్టి టైపింగ్ రూల్స్ జోలికి పోవద్దు.

సమస్య: చెకర్ ఓకే అంది, రన్ చేస్తే ట్రూకి ఒకటి కలపబోయి చచ్చింది

లెట్ పాలిమార్ఫిజం (లెట్‌తో పేరు పెట్టినదాన్ని చాలా టైపులకి వాడుకోనివ్వడం) ఉండి, రెఫరెన్సులు (లోపలి విలువ మార్చుకోగల డబ్బాలు) కూడా కలిపారా? అయితే ఇదే. లెట్ ర = రెఫ్ (లాంబ్డా క. క) అన్నారు, చెకర్ దానికి "ఏ ట కైనా రెఫ్ (ట → ట)" అని ఇచ్చేసింది. తర్వాతి లైన్లో ట ని ఇంట్ అనుకుని ర లో ఒకటి కలిపే ఫంక్షన్ పెట్టారు, దాని కింద లైన్లో ట ని బూల్ అనుకుని ర లోది తీసి ట్రూకి వేశారు. రెండు లైన్లూ విడివిడిగా సరైనవే. ఉన్నది మాత్రం ఒకే డబ్బా, ఇద్దరు రెండు రకాలుగా చూస్తున్నారు.

పరిష్కారం 1995లో రైట్ అనే ఆయన చెప్పిన వేల్యూ రిస్ట్రిక్షన్: లెట్‌లో కుడివైపున్నది లాంబ్డా లాంటి విలువ అయితేనే జనరలైజ్ చెయ్యాలి ("ఏ ట కైనా" అని ఇవ్వాలి), ఇంకా లెక్కించాల్సింది ఏదైనా ఉంటే చెయ్యకూడదు. దీంతో మ్యాప్ లాంటి ఫంక్షన్‌కి ఒక ఆర్గ్యుమెంటే ఇచ్చి పేరు పెట్టుకున్నవి పాలిమార్ఫిక్‌గా ఉండవు, అక్కడ చుట్టూ ఒక లాంబ్డా రాస్తే సరిపోతుంది.

ఇది చానెల్స్‌కీ అచ్చంగా వర్తిస్తుంది, చాలామంది ఇక్కడ మర్చిపోతారు. లెట్ చ = కొత్త చానెల్ అన్నదాన్ని జనరలైజ్ చేస్తే ఒకడు ఇంట్ పంపుతాడు ఇంకోడు బూల్ అనుకుని తీసుకుంటాడు. కొత్త పేరు పుట్టించేది ఏదైనా సరే, దాన్ని విలువగా లెక్కపెట్టొద్దు.

సమస్య: పంపిన విలువల టైప్ కరెక్టే, వరస మాత్రం తారుమారు

1992లో మిల్నర్, పారో, వాకర్ ఇచ్చిన పై క్యాలిక్యులస్‌కి మామూలు చానెల్ టైప్ పెడితే "దీని మీద ఇంట్ వెళ్తుంది" అని మాత్రమే చెప్తుంది. ముందు ఇంట్ పంపి తర్వాత బూల్ తీసుకోవాలి అన్న వరస చెప్పడానికి సెషన్ టైప్స్ (ఇద్దరి మధ్య సంభాషణ వరసని చెప్పే టైపులు) కావాలి, ఇవి 1993లో హోండా మొదలుపెట్టి 1998లో వాస్కొన్సెలోస్, కుబోలతో కలిసి ఒక రూపానికి తెచ్చారు. క్లయింట్ వైపు !ఇంట్. ?బూల్. ముగింపు అని ఉంటే సర్వర్ వైపు ?ఇంట్. !బూల్. ముగింపు, ఇది దానికి ఎదురు ప్రతిబింబం.

సెషన్ టైప్స్ పెట్టాక కూడా వరస తప్పుతోందా, అయితే పారలల్ రూల్ (రెండు ప్రాసెస్‌లని పక్కపక్కన నడిపేదానికి టైప్ ఇచ్చే రూల్) తీసి చూడండి. రూల్‌లో గీతకి పైన ఎడమ, కుడి రెండిట్లోనూ ఒకే ఎన్విరాన్‌మెంట్ (ఏ పేరుకి ఏ టైపో చెప్పే జాబితా) రాసి ఉంటారు, అదే తప్పు. క్లయింట్ సెషన్‌లో తన వైపు చివరని రెండు ప్రాసెస్‌లకి పంచాడనుకోండి, ఇద్దరూ చెరో ఇంట్ పంపుతారు, సర్వర్ ఒకటి తీసుకుని బూల్ పంపబోతాడు, రెండో ఇంట్ ఎవరికీ అక్కర్లేకుండా వేలాడుతుంది. ఎన్విరాన్‌మెంట్‌ని రెండుగా పంచాలి: సెషన్ చివరలు ఒక్కోటి ఒక్కరికే, మామూలు విలువలు, అందరూ పిలిచే షేర్డ్ పేర్లు మాత్రం ఇద్దరికీ. ఈ ఆలోచనకి మూలం 1987 నాటి జిరార్ లీనియర్ లాజిక్ (ప్రతిదాన్నీ మామూలుగా సరిగ్గా ఒక్కసారే వాడాలనే లాజిక్). చివర్లో ఇంకో చెక్ కూడా ఉండాలి, ప్రాసెస్ ముగిసేచోట చేతిలో సగంలో ఉన్న సెషన్ ఏదీ మిగలకూడదు, ఇది లేకపోతే మధ్యలో వదిలేసి పోయినవాడు కూడా పాసైపోతాడు.

చానెల్ మీద చానెల్ పంపితే, అంటే డెలిగేషన్ ఉంటే, ఇంకాస్త జాగ్రత్త. 1998 నాటి రూల్స్‌ని పట్టుకుని డెలిగేషన్‌ని మామూలు సబ్‌స్టిట్యూషన్‌లా స్వేచ్ఛగా రాస్తే సబ్జెక్ట్ రిడక్షన్ (టైప్ సరిగ్గా ఉన్నది ఒక అడుగు నడిచాక కూడా సరిగ్గానే ఉండడం) విరిగిపోతుందని 2007లో యోషిదా, వాస్కొన్సెలోస్ చూపించారు. ఎక్కడ విరుగుతుందంటే, ఒక ప్రాసెస్ దగ్గర సెషన్ ఒక చివర ఆల్రెడీ ఉంది, డెలిగేషన్‌లో రెండో చివర కూడా దానికే వచ్చింది, రెండిటికీ ఒకే పేరు, ఇక ఏది ఏ వైపో చెప్పలేం. రెండు చివరలకీ వేర్వేరు గుర్తులు పెట్టండి, గే, హోల్ అనేవాళ్లు 2005లో పోలారిటీలు (ఏ వైపు చివరో చెప్పే గుర్తులు) పెట్టి చేసింది ఇదే.

సమస్య: అంతా టైప్ అయింది, అయినా ఇద్దరూ ఒకరి కోసం ఒకరు కాచుకుని కూర్చున్నారు

చ?క. ద!1 ఒకవైపు, ద?మ. చ!2 ఇంకోవైపు. చ సెషన్ విడిగా చూడండి, తప్పులేదు. ద కూడా అంతే. రెండూ కలిస్తే మొదటివాడు చ మీద వస్తే తప్ప ద మీద పంపడు, రెండోవాడు సరిగ్గా రివర్స్. మొదటితరం సెషన్ టైప్స్ ఒక్కో సెషన్‌ని విడివిడిగానే చూస్తాయి కాబట్టి ఇది పట్టుకోలేవు, ఇక్కడ మీ కోడ్‌లో బగ్ కోసం వెతకొద్దు, సిస్టమ్ ఇచ్చే హామీయే అంతవరకు.

హామీ పెంచుకోవాలంటే ఒక దారి, ఇద్దరు ప్రాసెస్‌ల మధ్య ఒకే చానెల్ ఉండేలా, మొత్తం లింకులు చెట్టు ఆకారంలో ఉండేలా బలవంతపెట్టడం. 2010లో కైరిస్, ఫెనింగ్, 2012లో వాడ్లర్ లీనియర్ లాజిక్‌లోని కట్ రూల్‌తో (రెండు ప్రూఫ్‌లని ఒకే ఒక్క చోట కలిపే రూల్‌తో) చేసింది ఇదే, చక్రమే ఏర్పడదు కాబట్టి డెడ్‌లాక్ రాదు. కానీ పై ఉదాహరణలో ఆర్డర్ సరిచేసి రాసినా అది కూడా రిజెక్ట్ అవుతుంది, ఎందుకంటే ఇద్దరి మధ్య రెండు చానెల్స్ ఉన్నాయి. అది భరించలేకపోతే కొబయాషి అనే ఆయన దారిలో వెళ్లి ప్రతి చానెల్ చర్యకీ ఒక ప్రయారిటీ అంకె ఇవ్వండి, చిన్న అంకెవి ముందు, పెద్దవి తర్వాత. పై ఉదాహరణలో మొదటివాడికి చ అంకె ద కంటే చిన్నదవ్వాలి, రెండోవాడికి ద అంకె చ కంటే చిన్నదవ్వాలి, రెండూ కుదరవు, చెకర్ అక్కడే ఆపేస్తుంది. నాకైతే నేర్చుకునేటప్పుడు చెట్టు దారే మేలనిపిస్తుంది, ప్రూఫ్ చాలా తేలిక.

సమస్య: రెండు ప్రాసెస్‌లు ఒకే పనులు చేస్తున్నాయి, ఒకదాని బదులు ఇంకోటి పెడితే మాత్రం ఆగిపోతోంది

మీరు ట్రేసులు (చేసిన పనుల వరసలు) పోల్చి ఉంటారు. లాగిన్ తీసుకుని తర్వాత చదవడమో రాయడమో అవతలివాడిని ఎంచుకోనిచ్చే ప్రాసెస్ ఒకటి, లాగిన్ తీసుకునే క్షణంలోనే ఏదో ఒకటి తానే ఖాయం చేసేసుకునే ప్రాసెస్ ఇంకోటి. రెండిటి ట్రేసులూ ఒకటే: "లాగిన్, చదువు" ఒకటి, "లాగిన్, రాయి" ఇంకోటి. కానీ రెండోది చదవడం ఖాయం చేసుకున్నాక అవతలివాడు రాయబోతే ఇరుక్కుంటాడు. ఇక్కడ పోల్చాల్సింది 1981లో పార్క్ అనే ఆయన ఇచ్చిన బైసిమ్యులేషన్‌తో, అంటే ఒకటి వేసిన ప్రతి అడుగుకీ రెండోది అదే అడుగు వేసి, ఆ తర్వాత వచ్చిన స్థితులు కూడా మళ్లీ అలాగే సరిపోవాలి. లాగిన్ అడుగు అయ్యాక ఒకవైపు రెండు దారులు మిగిలాయి, రెండోవైపు ఒకటే మిగిలింది, అక్కడే తేడా బయటపడుతుంది.