డానర్ పాస్ మీదుగా టాహో వెళ్తున్నారా? మంచు మొదలయ్యే ముందే ఈ జాగ్రత్తలు

కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో ఉండే మనవాళ్లు చాలామంది పిల్లలకు మంచు చూపించాలని చలికాలంలో టాహో సరస్సుకు బయల్దేరతారు. ఇంటర్‌స్టేట్ 80 మీద సియెర్రా నెవాడా కొండలెక్కి, డానర్ సమ్మిట్ దగ్గర 7,200 అడుగుల ఎత్తు దాటాలి. 1846లో ఇల్లినాయ్ నుంచి ఎద్దుబండ్ల మీద కాలిఫోర్నియాకు వలస బయల్దేరిన డానర్, రీడ్ కుటుంబాల బృందం మంచులో చిక్కుకుపోయింది ఈ డానర్ పాస్ అనే కనుమ కిందే.

వాళ్లను ముంచింది మంచు ఒక్కటే కాదు. దారిలో ఫోర్ట్ బ్రిడ్జర్ అనే మజిలీ దగ్గర అందరూ వెళ్లే బాట వదిలి, దగ్గర దారి అన్న మాట నమ్మి హేస్టింగ్స్ కటాఫ్ అనే అడ్డదారి పట్టారు. వాసాచ్ కొండల్లో చెట్లు నరుక్కుంటూ బాట వేసుకోవాల్సి వచ్చింది. ఉప్పు ఎడారిలో ఎద్దులు పోయాయి. అలా వారాలు గడిచిపోయి, అక్టోబర్ ఆఖరుకు కనుమ చేరేసరికి దారి మూసుకుపోయింది. మొదటి సహాయక బృందం వచ్చింది ఫిబ్రవరిలో. 87 మందిలో సుమారు 48 మందే బతికారు. బతికినవాళ్లలో ఒకరైన 13 ఏళ్ల వర్జీనియా రీడ్, అడ్డదారులు ఎప్పుడూ పట్టొద్దని 1847లో తన బంధువుకు ఉత్తరం రాసింది.

హైవే జామ్ అయినప్పుడు ఫోన్ మ్యాప్ అడవి రోడ్డు చూపిస్తే ఆ మాటే గుర్తు పెట్టుకోండి. ఆ రోడ్లలో చాలావాటి మీద మంచు తీయరు, సిగ్నల్ కూడా ఉండకపోవచ్చు. ఎంత ఆలస్యమైనా హైవే వదలకండి.

బయల్దేరే ముందు కాల్‌ట్రాన్స్ (కాలిఫోర్నియా రవాణా శాఖ) రోడ్ల పరిస్థితి చూపించే క్విక్‌మ్యాప్, వాతావరణ హెచ్చరిక రెండూ చూడండి. తుఫాను హెచ్చరిక ఉంటే హోటల్ డబ్బు పోయినా సరే, ప్రయాణం మానుకోండి. పిల్లలతో వెళ్లేటప్పుడు దీని మీద రెండో ఆలోచన వద్దు.

టైర్లకు చెయిన్లు కొని, వేయడం ఇంటి దగ్గరే ఒకసారి ప్రాక్టీస్ చేయండి. చెయిన్లు ఎవరికి తప్పనిసరో చెప్పే బోర్డులు రోడ్డు మీద పెడతారు. ఆర్-2 బోర్డు పెడితే నాలుగు చక్రాలకూ స్నో టైర్లున్న ఫోర్ వీల్ డ్రైవ్, ఆల్ వీల్ డ్రైవ్ బళ్లకు తప్ప అందరికీ చెయిన్లు తప్పనిసరి. ఆ బళ్లలో కూడా చెయిన్లు ఉండాల్సిందే. ఆర్-3 అయితే ఎవరికీ మినహాయింపు లేదు.

1952 జనవరిలో ఈ కొండల్లోనే ఒక ప్యాసింజర్ రైలు 226 మందితో మూడు రోజులు మంచులో ఆగిపోయింది. కాబట్టి దుప్పట్లు, నీళ్లు, తిండి, మందులు, పార, టార్చి కారులో పెట్టుకోండి. కొండ ఎక్కే ముందే ట్యాంక్ నింపండి. ఎలక్ట్రిక్ కారైతే చలికి రేంజ్ తగ్గుతుంది, ఫుల్ చార్జ్ చేసుకోండి. చిక్కుకుపోతే కారు దిగి నడవొద్దు. హీటర్ వేసే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయండి, లేదంటే విషవాయువు లోపలికి వస్తుంది. ఇంజన్ కాసేపే నడిపి ఆపేయండి, కిటికీ ఒకటి కొంచెం తెరిచి ఉంచండి.