ఇంటి నీటి లైనులో చెక్ వాల్వ్ అమర్చుకోవడం ఎలా

కుళాయి తిప్పగానే నీరు బయటికి రావడం అలవాటైన మనకు, అదే గొట్టంలో నీరు వెనక్కి కూడా పోగలదన్న ఆలోచన సాధారణంగా రాదు. ఒత్తిడి ఎటు తక్కువగా ఉంటే అటు పారడమే నీటి స్వభావం. వీధిలోని ప్రధాన గొట్టం పగిలినా, మరమ్మతు కోసం దానిని ఖాళీ చేసినా సరఫరా వైపు ఒత్తిడి పడిపోయి, ఇంట్లోని నీటిని ఆ గొట్టం వెనక్కి పీల్చుకుంటుంది. ఒక్కోసారి ఇందుకు భిన్నంగా ఇంటి వైపు ఒత్తిడే పెరుగుతుంది. పంపు నడుస్తున్నందువల్లనో, ట్యాంకు ఎత్తులో ఉన్నందువల్లనో, గీజరులో నీరు వేడెక్కి వ్యాకోచించినందువల్లనో అలా పెరిగిన ఒత్తిడి నీటిని సరఫరా వైపుకు నెడుతుంది. నీటిని ముందుకే పోనిచ్చి, వెనక్కి మళ్లగానే మూసుకునేది చెక్ వాల్వు. దానిని కొనడానికి వెళ్లే ముందు మీ ఇంట్లో జరగగలిగేది పీల్పా, నెట్టుడా అన్నది తేల్చుకోండి. ఏ రకం వాల్వు కావాలో, దానిని ఎక్కడ పెట్టాలో ఆ జవాబే చెబుతుంది.

దీనిని చిన్న విషయంగా తీసుకోవద్దని మనవి. తోటకు నీళ్లు పట్టే రబ్బరు గొట్టం చివర పురుగుమందు కలిపిన బకెట్‌లో మునిగి ఉన్న సమయంలో సరఫరా వైపు ఒత్తిడి పడిపోతే, ఆ మందు నీరు గొట్టం గుండా ఎక్కి తాగునీటి లైనులో చేరగలదు. 1933లో షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరుగుతున్న కాలంలో అమీబిక్ జిగట విరేచనాలు వ్యాపించి 98 మంది మరణించారు. హోటల్ భవనాలలో మురుగునీరు తాగునీటిలో కలవడానికి వీలిచ్చిన లోపభూయిష్టమైన ప్లంబింగే అందుకు కారణమని దర్యాప్తులో తేలింది.

చెక్ వాల్వునే మన ప్లంబర్లు ఎన్‌ఆర్‌వీ (నాన్ రిటర్న్ వాల్వు) అంటారు. ఇళ్లలో వాడేవి ప్రధానంగా మూడు రకాలు. స్వింగ్ రకంలో కీలుకు వేలాడే ఒక రెక్క నీటి ప్రవాహానికి తెరుచుకుని, ప్రవాహం ఆగగానే తన బరువుతో మూసుకుంటుంది. అందుచేత దానిని అడ్డంగా ఉన్న గొట్టంలో గానీ, నీరు కింది నుంచి పైకి ఎక్కే నిలువు గొట్టంలో గానీ మాత్రమే పెట్టాలి. నీరు పైనుంచి కిందికి దిగే గొట్టంలో పెడితే రెక్క ఎప్పుడూ తెరుచుకునే వేలాడుతుంది. స్ప్రింగ్ రకంలో స్ప్రింగే మూతను నొక్కి మూస్తుంది కనుక, గొట్టం అడ్డంగా ఉన్నా నిలువుగా ఉన్నా దానిని పెట్టవచ్చు. మూడవది ఫుట్ వాల్వు. జల్లెడతో కలిపి, పంపు నీటిని పీల్చుకునే గొట్టం అడుగున బిగించే ఈ వాల్వు, పంపు ఆగినప్పుడు గొట్టంలోని నీరు బావిలోకో సంపులోకో జారిపోకుండా పట్టి ఉంచుతుంది.

పంపు నుంచి పై ట్యాంకుకు ఎక్కే నిలువు గొట్టానికి స్ప్రింగ్ రకమే మేలని నా అభిప్రాయం. పంపు ఆగిన క్షణంలో పైకెక్కుతున్న నీటి స్తంభం వెనుదిరుగుతుంది. స్వింగ్ రెక్క ఆ వెనుదిరిగిన నీటి వేగంతో ధన్‌మని కొట్టుకుంటుంది, ఆ దెబ్బకు గొట్టమంతా అదురుతుంది. స్ప్రింగు మాత్రం నీరు వెనుదిరగక ముందే వాల్వును మూసేస్తుంది. అయితే స్ప్రింగును తెరవడానికి నీటికి కొంత ఒత్తిడి ఖర్చవుతుంది. పది మీటర్ల నీటి ఎత్తు ఇచ్చే ఒత్తిడి దాదాపు 1 బార్. ట్యాంకులోని నీటి మట్టం షవరు కన్నా 2 మీటర్లే పైన ఉంటే అక్కడికి అందేది 0.2 బార్ మాత్రమే. అంత తక్కువ ఒత్తిడిలో బిగువైన స్ప్రింగు వాల్వు పెడితే షవరు ధార సన్నబడుతుంది కనుక, అలాంటి చోట గొట్టం అడ్డంగా ఉన్న భాగంలో స్వింగ్ రకం గానీ తేలికపాటి స్ప్రింగు ఉన్నది గానీ ఎంచుకోవాలి.

ఇక ఎక్కడ పెట్టాలన్న విషయం. పంపు నీటిని తోసే వైపున ఒకటి తప్పనిసరి. పై ట్యాంకు నుంచి వచ్చే లైనుకు ప్రెషర్ పంపు బిగించిన ఇళ్లలో, పంపుకు సమాంతరంగా ఒక బైపాస్ గొట్టం వేసి అందులో చెక్ వాల్వు పెడితే, కరెంటు లేనప్పుడు నీరు ఆ దారిన మామూలుగా దిగుతుంది, పంపు నడిచేటప్పుడు తోసిన నీరు తిరిగి పంపు మొదటికే చేరకుండా ఆగుతుంది. వేడి నీరు, చల్లటి నీరు కలిసే మిక్సరులో రెండు పిడులూ తెరిచే ఉంచి, చేతి షవరును దాని మీట దగ్గర మూసే అలవాటు చాలామందికి ఉంటుంది. అప్పుడు ఒత్తిడి ఎక్కువగా ఉన్న లైనులోని నీరు మిక్సరు గుండా రెండో లైనులోకి దాటిపోతుంది. చల్లటి నీటి కుళాయిలో అకారణంగా వేడి నీరు వస్తుంటే ముందుగా అనుమానించవలసింది దీనినే. మిక్సరుకు వచ్చే రెండు గొట్టాలకూ చెరొక చిన్న చెక్ వాల్వు పెడితే ఇది ఆగుతుంది.

గీజరు సంగతి కాస్త నిదానంగా చదవమని కోరుతున్నాను. ట్యాంకు దగ్గరి వాల్వు మూసి కింది అంతస్తు కుళాయి తిప్పితే పై అంతస్తు గీజరులోని నీరు వెనక్కి జారిపోవచ్చు, నీరు లేని గీజరులో హీటింగ్ కాయిల్ మాడిపోతుంది. అందుకని చల్లటి నీరు గీజరులోకి వెళ్లే మార్గంలో చెక్ వాల్వు పెడతారు. కానీ ఆ వాల్వు పెట్టిన మరుక్షణం గీజరు మూసిన పాత్ర అవుతుంది. నీరు 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే దాని పరిమాణం సుమారు ఒకటిన్నర శాతం పెరుగుతుంది. 50 లీటర్ల గీజరులో అది ముప్పావు లీటరు. నీటిని నొక్కి ఇముడ్చుకోలేం. ఇంతకుముందు ఆ ముప్పావు లీటరు వెనుక గొట్టంలోకి సర్దుకునేది, ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. కాబట్టి చెక్ వాల్వుకూ గీజరుకూ మధ్య, ఒత్తిడి మితిమీరితే నీటిని బయటికి వదిలే ప్రెషర్ రిలీఫ్ వాల్వు ఉండి తీరాలి, ఆ రిలీఫ్ వాల్వుకూ గీజరుకూ మధ్య మూసే వాల్వు ఏదీ ఉండకూడదు. చాలా గీజర్లతో వచ్చే చిన్న వాల్వులో ఈ రెండు పనులూ కలిసే ఉంటాయి. నీరు వేడెక్కేటప్పుడు దాని పక్క రంధ్రం నుంచి చుక్కలు రాలడం అది పనిచేస్తున్నదనడానికి గుర్తే తప్ప లోపం కాదు. ఆ చుక్కలు చూసి చిరాకుపడి రంధ్రానికి బిరడా బిగించిన వారు, తెలియకుండానే గీజరును పేలుడు వస్తువుగా మార్చుకున్నట్లే. దయచేసి ఆ పని ఎన్నడూ చేయవద్దు. ఒక చిన్న గొట్టం తగిలించి, దాని చివర తెరిచే ఉంచి, నేలమీది జాలి దాకా కిందికి దించండి.

బిగించే పద్ధతి కష్టమైనది కాదు. మొదట ప్రధాన వాల్వు మూసి, పంపు, గీజరుల స్విచ్‌లు ఆపి, అన్నిటికన్నా కింద ఉన్న కుళాయి తిప్పి గొట్టం ఖాళీ చేయండి. వాల్వు ఒంటి మీద ఉండే బాణం గుర్తు నీరు పారవలసిన దిశను చూపుతుంది. దానిని గొట్టం మీద పెన్సిలుతో గీసుకున్నాకే కోత మొదలుపెట్టడం మంచిది. వాల్వును ఎల్బోకు గానీ పంపు మూతికి గానీ ఆనించి పెట్టకుండా, గొట్టం వ్యాసానికి కనీసం ఐదింతల దూరం తిన్నటి గొట్టం వదలండి, అంటే 20 మిల్లీమీటర్ల గొట్టానికి 100 మిల్లీమీటర్లు. ఎల్బో, పంపు మూతి దగ్గర నీరు సుడులు తిరుగుతుంటుంది కనుక రెక్క అదిరి త్వరగా అరిగిపోతుంది. కోసిన తర్వాత కొద్దిసేపు నీరు వదిలి గొట్టంలోని రంపపు పొట్టు, ఇసుక బయటికి పోనివ్వండి. కొత్త వాల్వు మొదటి రోజే కారడానికి సాధారణంగా ఆ పొట్టే కారణం. మర ఉన్న కొసకు ఎదురుగా నిలబడి చూసినప్పుడు టెఫ్లాన్ టేపును గడియారపు ముల్లు తిరిగే దిశలోనే చుట్టాలి, లేకపోతే బిగించేటప్పుడు అది విప్పుకుపోతుంది. సీపీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) గొట్టమైతే సాల్వెంట్ సిమెంట్‌ను పలుచగా పూయండి, లోపలికి కారితే రెక్క అతుక్కుపోతుంది. వాల్వుకు ఇరువైపులా బాల్ వాల్వులు, ఒక పక్క యూనియన్ (విప్పి మళ్లీ బిగించుకోగల జోడింపు) పెడితే ముందుముందు గొట్టం కోయకుండానే విప్పి శుభ్రం చేసుకోవచ్చు. సరఫరా వైపు బాల్ వాల్వుకూ చెక్ వాల్వుకూ మధ్య ఒక చిన్న పరీక్ష కుళాయి కూడా పెట్టించండి, దాని అవసరం తర్వాత తెలుస్తుంది.

ఒక్క చెక్ వాల్వును నమ్మి తాగునీటిని విషంతో ముడిపెట్టకూడదు. సీటు మీద, అంటే రెక్క ఆనుకుని మూసుకునే అంచు మీద, ఒక ఇసుక రేణువు నిలిచినా అది పూర్తిగా మూసుకోదు, అలా మూసుకోలేదని బయటికి కనిపించదు. తోట కుళాయికి, వెనక్కి పీల్పు మొదలవగానే గాలిని లోపలికి వదిలి దానిని ఆపే వాక్యూమ్ బ్రేకర్ బిగించుకోవాలి. బోరు నీరు, సరఫరా నీరు రెండూ వాడే ఇంట్లో వాటిని ఒకే గొట్టానికి కలిపి మధ్యలో ఎన్‌ఆర్‌వీ పెట్టడం నేను ఒప్పుకోలేని పని. ట్యాంకులోకి రెండు గొట్టాలనూ విడివిడిగా తేవాలి. ట్యాంకు నీరు పొర్లిపోయే అంచుకూ నీరు పడే గొట్టం మూతికీ మధ్య గొట్టం వ్యాసానికి రెండింతలు, ఏ పరిస్థితిలోనూ 25 మిల్లీమీటర్లకు తగ్గకుండా, గాలి ఖాళీ వదలాలి. కదిలే భాగమే లేని ఆ ఖాళీ చెడిపోయేది కాదు. మురుగు లైనుకు వాడే చెక్ వాల్వు వేరే రకం, దానికి పైమూత తెరిచి శుభ్రం చేసే వీలుండాలి.

ఆరు నెలలకోసారి సరఫరా వైపు బాల్ వాల్వు మూసి, ఆ పరీక్ష కుళాయి తిప్పి చూడండి. ముందు కొద్దిగా నీరు వచ్చి ఆగిపోతే చెక్ వాల్వు బాగున్నట్లు. ఆగకుండా చుక్కలు పడుతూనే ఉంటే ఇంటి వైపు నీరు వెనక్కి కారుతున్నట్లు. అప్పుడు యూనియన్ విప్పి, సీటును మెత్తటి బ్రష్‌తో తుడిచి, సున్నపు పొర పేరుకుని ఉంటే లోహపు భాగాలను కాసేపు వెనిగర్‌లో నానబెట్టి కడిగి బిగించండి. రబ్బరు వాషరు గట్టిపడి గాటు పడితే దానిని మార్చవలసిందే.