దేశంలో కరెంటు దేంతో తయారవుతోందో లెక్క చూసుకోవడం ఎలా

దేశంలో సగం కరెంటు బొగ్గు, గ్యాస్ లేకుండానే వచ్చేస్తోందని ఎవరైనా పోస్టు పెడితే వెంటనే షేర్ చేసేయకండి. 2025 జూన్ నాటికి సగం దాటిన మాట నిజమే, కానీ సగం దాటింది బొగ్గు, గ్యాస్ వాడని ప్లాంట్ల సామర్థ్యం, వాటి నుంచి వచ్చే కరెంటు కాదు.

అందుకే ఏ పట్టిక చూసినా ముందు అందులో ఉన్నవి మెగావాట్లా, యూనిట్లా అన్నది చూడండి. మెగావాట్లు ప్లాంటు ఎంత ఇవ్వగలదో చెబుతాయి, యూనిట్లు ఎంత ఇచ్చిందో చెబుతాయి. ఒక్క మెగావాటు ఏడాదంతా ఆగకుండా నడిస్తే 87.6 లక్షల యూనిట్లు. అదే సోలార్ అయితే రాత్రీ మబ్బూ పోను అందులో ఐదో వంతు వస్తే బాగా వచ్చినట్టే. యూనిట్లలో చూస్తే 2024-25లో కూడా 70 శాతం పైన బొగ్గుదే.

ఈ తేడా మన గోదావరి వాళ్ళకి కొత్తేం కాదు. విజ్జేశ్వరం, జేగురుపాడు, వేమగిరి, కాకినాడ... కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ గ్యాస్‌ని నమ్ముకుని వరసగా ప్లాంట్లు కట్టారు. 2009లో ఆ బేసిన్‌లోనే సముద్రంలో ఉన్న డీ6 బ్లాకు నుంచి గ్యాస్ వచ్చింది, రెండేళ్ళు తిరక్కుండానే తగ్గడం మొదలెట్టింది. గ్యాస్ లేక ప్లాంటు ఖాళీగా కూర్చున్నా పట్టికలో దాని మెగావాట్లు మాత్రం చెక్కుచెదరవు. దేశం మొత్తమ్మీద గ్యాస్ ప్లాంట్లు 20 వేల మెగావాట్ల పైనే ఉన్నాయి, వాటి నుంచి వచ్చే కరెంటు రెండు శాతం చుట్టుపక్కలే!

తర్వాత, శాతం పక్కనే అసలు అంకె కూడా రాసుకోండి. 1947లో దేశం మొత్తం సామర్థ్యం 1,362 మెగావాట్లు, అందులో జలవిద్యుత్ 508, అంటే 37 శాతం. ఇప్పుడు పెద్ద జలవిద్యుత్ ప్లాంట్లే 47 వేల మెగావాట్లు దాటినా వాటా పది శాతం చుట్టుపక్కలే. ‘వాటా తగ్గింది’ అని హెడ్డింగ్ కనిపిస్తే ఇది గుర్తు తెచ్చుకోండి.

ఒక ఏడాదిని ఇంకో ఏడాదితో పోల్చకండి, ముఖ్యంగా జలవిద్యుత్‌ని. వానలు మొహం చాటేస్తే దాళ్వాకి (రెండో పంటకి) సీలేరు నీళ్ళ కోసం మనం ఎలా ఎదురుచూస్తామో తెలుసు కదా, టర్బైన్లదీ అదే గొడవ. కనీసం ఐదేళ్ళ సగటు తీయండి. మన లెక్కలు ఏప్రిల్ నుంచి మార్చి, బయటి దేశాలవి చాలావరకు జనవరి నుంచి డిసెంబరు, రెండూ కలిపేయొద్దు.

చివరిగా టైము. రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామున, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరగాల్సింది అప్పుడే, ఆ టైములో సోలార్ సున్నా. దేశం గ్రిడ్‌ని నడిపే గ్రిడ్ ఇండియా సంస్థ రోజూ వేసే రిపోర్టులో సాయంత్రం పీక్ డిమాండ్ (వాడకం బాగా పెరిగే వేళ అంకె) విడిగా ఉంటుంది, సోలార్ అంకె చూసి మురిసిపోయే ముందు ఆ గడి కూడా చూడండి.